స్టేడియం ఖర్చు, మైదానం విలువ
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

పాతబస్తీ బడుల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒక మనిషి పేరు మీద శిష్యులు తలా కొంత వేసి ధర్మనిధి పెట్టడం మామూలు సంగతి కాదు. పండితుల పేరు మీద, నాయకుల పేరు మీద స్మారకోపన్యాసాలు చాలానే జరుగుతాయి. మెడలో ఈల వేసుకుని ముప్పై ఏళ్లు ఎండలో నిలబడ్డవాళ్ల పేరు మీద జరగడం అరుదు. అందుకే ఈసారి ఆటస్థలాల మీదే మాట్లాడతానని నిర్వాహకులకు ముందే చెప్పాను.

ఊళ్లలో స్టేడియాలను కోట్లు పోసి తిరగగట్టడం ఇప్పుడు అన్ని ప్రభుత్వాలకూ ఇష్టమైన పని. ఆ డబ్బు దండగా, దానికి ఫలితం ఉందా అన్నది ఇవాళ్టి ప్రశ్న. నా అభిప్రాయం దాచను. గ్యాలరీల మీద, కప్పుల మీద, అద్దాల పెవిలియన్ల మీద పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఊరికి తిరిగి రాదు. నేల మీద, ఆ నేల మీద రోజూ నిలబడే కోచ్ మీద పెట్టేది మాత్రం తరాల తరబడి వస్తూనే ఉంటుంది. పాతబస్తీకి మొదటిదీ పెద్దగా దక్కలేదు, రెండోదీ దక్కలేదు. కాబట్టి ఈ చర్చ మనకు బంజారాహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చుని చేసే చర్చలాంటిది కాదు.

ఈ ఊరి ఆట గురించి ఎవరు మాట్లాడినా సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గరే మొదలుపెట్టాలి. ఆయనా బడిపంతులే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షణ ఇచ్చిన కాలంలో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ ఆయనే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా దేశమేదైనా ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరడం అదే మొదలు. ఆ జట్టులో మన ఊరి పిల్లలు ఎంతమందో చూడండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం. ఆ తర్వాతి తరంలో యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ. కలకత్తా క్లబ్బులు ఆటగాళ్ల కోసం రైలెక్కి హైదరాబాద్ వచ్చిన రోజులవి.

రహీం సాబ్ పిల్లల్ని తయారుచేసిన తీరు మనకు తెలుసు. డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి ఒక టోర్నమెంటు నడిపేవారు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చెయ్యాలి. వాటంలేని కాలితోనే ఆడాలని ఇంకొకటి. పొట్టి పిల్లలకు మాత్రమే మరొకటి. ఇందులో ఏదీ ఖజానా నుంచి డబ్బు అడిగేది కాదు. చదునైన నేల కావాలి, రోజూ వచ్చే పిల్లలు కావాలి, వాళ్లలో ఎవడు ఏం చేయగలడో కనిపెట్టే కన్ను కావాలి.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేదరికంలోనే ఆటగాళ్లు పుడతారు, వాళ్లకు ఖర్చు పెట్టక్కర్లేదు అనేవాళ్లు రహీం పేరును అడ్డం పెట్టుకుంటారు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. చలిదేశంలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. బూట్ల మీద పెట్టిన ఖర్చు నాలుగేళ్లలో మెల్బోర్న్‌లో కనిపించింది. ఆట మీద ప్రభుత్వం డబ్బు పెట్టాలి, ధారాళంగా పెట్టాలి. దేని మీద అన్నదే గొడవ.

1962 ఫైనల్ జరిగిన జకార్తా స్టేడియం ఆ క్రీడల కోసమే సోవియట్ అప్పుతో కొత్తగా కట్టింది. లక్షమంది జనం ముందు మనవాళ్లు దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. అంత గొప్ప కట్టడం తమ దగ్గర ఉన్న దేశం స్వర్ణం గెలవలేదు. పోలీసు మైదానాల మట్టిలో పెరిగినవాళ్లు గెలిచారు. మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ స్థాయి ఫుట్‌బాల్ మళ్లీ మనకు రాలేదు.

ఇప్పుడు మన స్టేడియాల దగ్గరికి వద్దాం. ఫతేమైదాన్‌లో, అంటే మనం ఎల్బీ స్టేడియం అంటున్న చోట, 1955 నవంబరులో తొలి టెస్టు మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అది. 1999లో అక్కడే సచిన్ 186 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు, ద్రావిడ్‌తో కలిసి 331 పరుగులు జోడించాడు. అంత చరిత్ర ఉన్న స్టేడియంలో అంతర్జాతీయ క్రికెట్ 2003తో ఆగిపోయింది. ఉప్పల్‌లో కొత్త స్టేడియం లేచాక 2005 నుంచి మ్యాచ్‌లన్నీ అక్కడికి వెళ్లాయి. ఎల్బీ స్టేడియం ఇప్పుడు జనానికి ఎక్కువగా గుర్తొచ్చేది ప్రమాణ స్వీకారాలకే. 1983లో రామారావు గారు, 2004లో రాజశేఖరరెడ్డి గారు, 2023లో రేవంత్ రెడ్డి గారు అక్కడే ప్రమాణం చేశారు. సభ కోసం పందిళ్లు వేసి, కుర్చీలు వేసి, లారీలు తిప్పిన నేల మళ్లీ ఆటకు పనికొచ్చేలా కావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఇక్కడున్న కోచ్‌లకు నేను చెప్పనక్కర్లేదు.

తర్వాత మన నగరం పెద్ద పండగలు చేసుకుంది. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు. గచ్చిబౌలి, యూసుఫ్‌గూడ, సరూర్‌నగర్, ఉస్మానియా క్యాంపస్. కొత్తగా లేచిన పెద్ద కట్టడాల చిరునామాలు ఇవి. చార్మినార్ నుంచి గచ్చిబౌలి ఇంచుమించు 20 కిలోమీటర్లు. శాలిబండలోనో తలాబ్‌కట్టలోనో ఉండే పదేళ్ల పిల్లవాడు బడి వదిలాక బస్సులు మారి అక్కడికి చేరి, ఆడి, చీకటి పడేలోపు ఇంటికి రాలేడు. గచ్చిబౌలిలో ఉత్తమమైన ట్రాకు ఉన్నా వాడికి అది లేనట్టే.

గచ్చిబౌలిని నేను తక్కువ చేయడం లేదు. ఆ మైదానాన్ని సొంత మైదానంగా పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ అక్కడ జరిగింది. అయితే ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బు ఎప్పుడైనా మూటాముల్లె సర్దుకోగలదు, యజమాని మారితే ఊరు మారుతుంది. కాంక్రీటుకు ఆ సౌకర్యం లేదు. దాని పెయింటు, దాని పైపులు, దాని కరెంటు బిల్లు ఊరి మెడకే ఉంటాయి.

2003వ సంవత్సరం మీద ఇంకాస్త సేపు నిలుస్తాను, ఎందుకంటే ఇవాళ్టి ప్రశ్నకు జవాబు దాదాపు అక్కడే ఉంది. ఆ ఏడు ఆగస్టులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. ప్రపంచస్థాయి క్రీడా అకాడమీలు కడతామన్న మాట మీద కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు, మొత్తం 850 ఎకరాలు ఇవ్వడానికి సిద్ధపడింది. తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు ఏళ్లకేళ్లు నడిచి, 2024 మార్చిలో హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. రెండు దశాబ్దాల్లో ఆ 850 ఎకరాల మీద ఒక్క అకాడమీ లేవలేదు, ఒక్క ఆటగాడూ తయారు కాలేదు. అదే 2003లో అదే ప్రభుత్వం పుల్లెల గోపీచంద్‌కు గచ్చిబౌలిలో 5 ఎకరాలు లీజుకిచ్చింది. ఆయన ఇల్లు తాకట్టు పెట్టాడు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారు 5 కోట్లు ఇచ్చారు, 2008లో బ్యాడ్మింటన్ అకాడమీ తెరుచుకుంది. 2012లో సైనాకు ఒలింపిక్ కాంస్యం, 2016లో సింధుకు రజతం. అక్కడ ప్రేక్షకులకు గ్యాలరీలు ప్రధానం కాదు. తెల్లవారక ముందే లైట్లు వెలుగుతాయి, కోచ్ కోర్టులో ఉంటాడు. ఒకే ప్రభుత్వం, ఒకే ఏడు, ఒకే ఊరు. ఎనిమిది వందల యాభై ఎకరాల కాగితం ఒకవైపు, ఐదెకరాల పని ఒకవైపు. ఏ ఆర్థికశాస్త్ర పుస్తకమూ నాకు ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు.

పుస్తకాలు చెప్పేదీ వినాలి కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో రోజర్ నాల్, ఆండ్రూ జింబలిస్ట్ సంపాదకత్వంలో 1997లో బ్రూకింగ్స్ సంస్థ ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. స్టేడియం కడితే ఊరికి వ్యాపారం, ఉద్యోగాలు పెరుగుతాయన్న వాదనను పరిశీలించి, ప్రభుత్వం పెట్టిన ఖర్చుకు తగ్గ లాభం కనిపించలేదని తేల్చింది. కారణం మన ఇళ్లలోనూ తెలిసిందే. కుటుంబం నెలలో సరదాకు పెట్టే సొమ్ము ఇంతే. మ్యాచ్ టికెట్టు కొన్న ఇంట్లో ఆ నెల సినిమా ఉండదు, హోటల్ బిర్యానీ ఉండదు. డబ్బు ఊళ్లో ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతుంది అంతే. కెనడాలోని మాంట్రియల్ 1976 ఒలింపిక్స్‌కు కట్టిన స్టేడియం అప్పు 2006 దాకా తీరలేదు. సిగరెట్ల మీద ప్రత్యేక పన్ను వేసి మరీ ముప్పై ఏళ్లు కట్టారు. మన ఢిల్లీలో 1982 ఆసియా క్రీడలకు కట్టిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియాన్ని 2010 కామన్‌వెల్త్ క్రీడలకు దాదాపు 960 కోట్లతో పునరుద్ధరించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి దాన్ని కూల్చి క్రీడానగరం కట్టాలని కేంద్రం యోచిస్తోందని 2025 నవంబరులో వార్తలొచ్చాయి.

ఉప్పల్ సంగతీ ఉంది. 2023 ప్రపంచకప్పుకు ముందు ఆ స్టేడియం బాగుచేయడానికి 117 కోట్లు కావాలని అంచనా వేసినట్టు పత్రికలు రాశాయి. అక్టోబరులో మూడు మ్యాచ్‌లు జరిగాయి. అందులో శ్రీలంక మీద పాకిస్తాన్ 345 పరుగులు ఛేదించిన మ్యాచ్ చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు, ఆ ఆనందాన్ని నేను కాదనను. క్రికెట్ బోర్డుకు డబ్బుంది, అది తన డబ్బు తన గ్యాలరీకి పెట్టుకుంటే మనకు అభ్యంతరం లేదు. కానీ అంత సంపన్నమైన ఆటకు కూడా నిర్వహణ ఎంత కష్టమో చూడండి. 2024 ఏప్రిల్ 4న, ఐపీఎల్ మ్యాచ్‌కు ముందురోజు, కోటిన్నరకు పైబడ్డ బకాయి కట్టలేదని విద్యుత్ శాఖ ఉప్పల్ స్టేడియానికి కరెంటు తీసేసింది. రిబ్బను కత్తిరించిన రోజు అందరూ ఫొటోలో ఉంటారు. బిల్లు కట్టే రోజు ఎవరూ ఉండరు.

ఇక మన పాతబస్తీ లెక్క వేరు. ఇక్కడ అసలు ఖర్చు కాంక్రీటు కాదు, నేల. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు వేస్తున్న 7.5 కిలోమీటర్ల మెట్రో దారి కోసం ఆస్తులు తీసుకుంటున్నవారికి గజానికి 81,000 రూపాయల పరిహారం నిర్ణయించారు. ఆ ధరను ఒక ఫుట్‌బాల్ మైదానానికి కట్టి చూశాను. 105 మీటర్లు పొడవు, 68 మీటర్లు వెడల్పు అంటే దాదాపు 8,500 గజాలు. 69 కోట్ల రూపాయలు. రోడ్డు పక్క ధర లోపలి గల్లీకి వర్తించదని మీరు అనవచ్చు, సగం వేసుకోండి. పిల్లలు ఆడుకుంటున్న ప్రతి ఖాళీ నేలా అంత ఖరీదైన ప్రజల ఆస్తి. అలాంటి నేల ఒకసారి పోతే ఏ బడ్జెట్టూ తిరిగి కొనలేదు.

అలాంటి నేల పోతూనే ఉంది. మూసీ అవతల గోషామహల్ పోలీసు మైదానంలో 2025 జనవరి 31న ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. 26 ఎకరాలకు పైగా నేల. ఉస్మానియా పాత భవనంలో పెచ్చులూడే కప్పుల కింద వైద్యం పొందింది మనవాళ్లే, కొత్త ఆసుపత్రి వద్దనడానికి నాకు నోరు రాదు. నేను అడిగేది ఒకటే. చెట్టు కొడితే ఇంకో చోట నాటాలని నియమం పెట్టుకున్నాం. మైదానం తీసుకుంటే దానికి బదులు అదే దాపున ఇంకో మైదానం చూపించాలన్న నియమం ఎందుకు లేదు? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. అద్దె ఇళ్లలో, మేడ మీద గదుల్లో నడిచే మన బస్తీ బడులకు ఆ వాక్యం ఏ మాత్రం పనికొచ్చిందో ఇక్కడున్న ఉపాధ్యాయులను అడగండి. మా మాస్టారు డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్ని వరసకట్టించి వీధి దాటించి తీసుకెళ్లేవారని శిష్యులు చెప్పుకుంటారు. ఇప్పుడు దాటించి తీసుకెళ్లడానికి అవతల ఏముంది?

నేల ఉన్నచోట ఆట ఎలా బతుకుతుందో చూడాలంటే బార్కస్ మైదానానికి వెళ్లండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన కుటుంబాల వారసులు ఉండే పేట అది. అసర్ నమాజు అయ్యాక మైదానం నిండుతుంది. అక్కడ ఫుట్‌బాల్ ఎవరూ పథకంగా ప్రవేశపెట్టలేదు. నేల ఉంది, పెద్దలు ఆడారు, పిల్లలు చూశారు. మన కుస్తీ తాలీములూ అంతే. గోధుమరంగు మట్టి, ఒక ఉస్తాద్, తెల్లవారుజామున దండీలు తీసే కుర్రాళ్లు. లాల్‌దర్వాజా బోనాల నాడు పోతరాజు వెంట నడిచే కుర్రవాళ్లూ, రంజాన్ రాత్రుళ్లు దీపాల కింద టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే కుర్రవాళ్లూ ఒకే తాలీముకు, ఒకే మైదానానికి పొద్దున్నే వచ్చేవాళ్లు. ఈ బస్తీలో మతాల మధ్య సఖ్యత గురించి ఉపన్యాసాలు చాలా విన్నాను. ఒకే జట్టులో ఆడిన ఇద్దరి మధ్య ఉండే చనువును ఏ ఉపన్యాసమూ పుట్టించలేదు.

మైదానాలు తగ్గిన చోట అద్దె టర్ఫ్‌లు వెలిశాయి. వలలు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, గంట లెక్కన డబ్బు తీసుకుంటారు. నడుపుకునేవాళ్లను తప్పుపట్టను, ఆడే కుర్రాళ్లకు వేరే దారి లేదు. కానీ మెకానిక్ దుకాణంలో పనిచేసే పద్నాలుగేళ్ల వాడి దగ్గర తన వంతు కట్టడానికి డబ్బుండదు. వాడు వల బయట నిలబడతాడు. రేపటి హబీబ్ వాడే కాదని మనం ఎలా చెప్పగలం?

ఆడపిల్లల విషయం ఇంకా కఠినం. గోడ లేని మైదానంలో, మరుగుదొడ్డి లేని చోట, దారిలో లైటు లేని చోట ఆడపిల్లను ఆటకు పంపరు. తల్లిదండ్రులది వెనుకబాటుతనం అని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. గోడ, గేటు, శుభ్రమైన గది, రోజూ ఫలానా వేళ ఆడపిల్లలదే అన్న బోర్డు, ఒక మహిళా కోచ్ ఉంటే పంపే తల్లులను ఈ బస్తీలో నేను ఎందరినో ఎరుగుదును. పాతబస్తీలో ఆటస్థలం బాగుచేయడానికి ప్రభుత్వం ఒక్క రూపాయే ఖర్చు పెడుతుందంటే ఆ రూపాయి ఆడపిల్లల ఆట మీద పెట్టమంటాను.

ఇప్పుడు నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది, దాన్ని గౌరవంగానే తీసుకుంటాను. ‘‘అన్నీ అటువైపే కట్టారు. మా వంతు వచ్చేసరికి స్టేడియాలు దండగ అంటారా? మా బస్తీకి ఒక గొప్ప కట్టడం వద్దా?’’ అడిగేవాళ్ల బాధ న్యాయమైంది. ఇప్పుడు కూడా ముచ్చర్ల దగ్గర బేగరికంచలో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం అని 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించారు. మన పిల్లలకు అదీ దూరమే. కానీ ఇన్నాళ్లు మనకు దక్కనిది అచ్చం వాళ్లకు దక్కినలాంటిదే అయి ఉండాలని లేదు. వంద కోట్లు ఇస్తారనుకుందాం. దాంతో ఒక గిన్నెలాంటి స్టేడియం వస్తుంది. ఆ వంద కోట్లను కదపకుండా ఏడు శాతం వడ్డీకి ఉంచితే ఏటా 7 కోట్లు వస్తాయి. అందులో సగం నేల చదునుకు, నీళ్లకు, లైట్లకు, కాపలాకు పోయినా, మిగిలిన మూడున్నర కోట్లతో నెలకు 30,000 జీతం మీద 97 మంది కోచ్‌లను పెట్టవచ్చు. ఏటా, ఎప్పటికీ. ఫలక్‌నుమా నుంచి డబీర్‌పురా దాకా, ఉప్పుగూడ నుంచి హుస్సేనీఆలం దాకా తొంభై ఏడు మంది రహీం మాస్టార్లు. అది గొప్ప కట్టడం కాదని ఎవరంటారు?

ఇక మన కులీ కుతుబ్ షా స్టేడియం. హైకోర్టు, సిటీ కాలేజీల చెంతనే ఉంది, బస్తీ నడిబొడ్డున ఉంది, పిల్లలు నడిచి రాగల దూరంలో ఉంది. దాన్ని బాగుచేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. గ్యాలరీ అంతస్తులు పెంచవద్దు. నేల చదును చేసి, వాన నీరు పోయే కాలువలు తీసి, గడ్డి బతికేలా చూడాలి. పరుగు దారి వేయాలి. కుస్తీకి మట్టి అఖాడా, పక్కనే మ్యాట్ ఉండాలి. లైట్లు రాత్రి తొమ్మిది దాకా వెలగాలి. సభలకు ఇవ్వకూడదు, ఏ పార్టీకీ, ఏ మతానికీ. మరమ్మతుకు మంజూరు చేసే ప్రతి కోటితోపాటు పదేళ్ల నిర్వహణకు సొమ్ము విడిగా బ్యాంకులో వేశాకే పని మొదలుపెట్టాలి. ఈ చివరి షరతు ఒప్పుకోని ఏ పథకాన్నీ మనం పూలదండలతో ఆహ్వానించకూడదు.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. కార్పొరేషన్‌కు వినతిపత్రం ఇవ్వాలంటే చేతిలో లెక్క ఉండాలి. మన దగ్గర ఆవేశం ఉంది, లెక్క లేదు. ఈ ఏడు వడ్డీ సొమ్ముతో శాలువాలు, జ్ఞాపికలు మానేసి, మాస్టారి శిష్యుల్లో ఓపిక ఉన్నవాళ్లకు నోటుపుస్తకాలు కొనివ్వండి. చందూలాల్ బారాదరి, ఖిల్వత్, బార్కస్, కులీ కుతుబ్ షా, గల్లీల మధ్య పేరులేని ఖాళీ జాగాలు, అన్నిటి దగ్గరా ఒక నెలపాటు పొద్దునా సాయంత్రమూ నిలబడి ఎంతమంది ఆడుతున్నారో రాయండి. వయసు రాయండి, ఏ ఆటో రాయండి, గేటు తెరిచి ఉందో తాళం వేసి ఉందో రాయండి, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో రాయండి. ఆడపిల్లల సంఖ్యకు వేరే గడి గీయండి. సున్నా వచ్చిన రోజు కూడా ఆ గడి ఖాళీగా వదలకుండా సున్నా అని వేయండి.